హారతి పట్టిన బండి

కంపెనీ మనుషులు గోడ మీది పిడకలను పారలతో గీకి పడేస్తుంటే గౌలిపుర గల్లీ అంతా నిలబడి చూసింది. సుందరమ్మ ఒక్కతే విరిగిన ముక్కలను కొంగులోకి ఏరుకుంటూ అరిచింది.

"మీ చేతులిరగ! పొద్దుగాల శ్మశానానికి ఇయ్యాల్సిన పిడకలురా అవి!"

నాగమణమ్మ చేతిలోని పూజ పళ్లెం గుమ్మంలోనే దించేసి బయటికి వచ్చింది.

ఆ గల్లీలో కొట్టం ఊడ్చినవాళ్లదే పేడ. నాగమణమ్మ భర్త మల్లన్నకు ఆవులూ బర్రెలూ ఉన్నాయి. ఆమె కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ కొట్టాన్ని సుందరమ్మే ఊడుస్తోంది. కూలి అడగదు. పేడ తీసుకుని, పిడకలు కొట్టి బతుకుతుంది. ఇలా బతికే ఆడవాళ్లు గల్లీలో ఇంకా ఉన్నారు.

ఆ మధ్య కంపెనీ బండి వచ్చింది. పేడతో గ్యాస్ తీస్తారట, భూమికి మేలట, ఇంటింటికీ పైపు వేస్తారట. బండి పక్క రేకు మీద ప్రపంచ లక్ష్యాలంటూ రంగురంగుల గడుల బొమ్మ. పేడలో లక్ష్మి ఉంటుందని నమ్మే నాగమణమ్మ అందరికంటే ముందు వెళ్లి, బండికి బొట్టు పెట్టి హారతి పట్టింది. పైపు రాలేదు. గ్యాస్ పెద్ద హోటళ్లకు పోతోంది. ఇప్పుడు పేడంతా కంపెనీకే ఇవ్వాలట, పిడకలు కొట్టకూడదట.

సాయంత్రం పోచమ్మ గుడి ముందు అందరూ కూడారు.

"లొల్లి వద్దు," అన్నాడు మల్లన్న. "పేడ ఇయ్యకుంటే పశువులను ఊరవతలికి తోలిస్తమంటున్నరు."

"నీకు నీ బర్రెల ఫికర్. మా పొయ్యిల ఫికర్ ఎవరికున్నది?" అంది సుందరమ్మ.

"నన్నేం జెయ్యమంటవక్కా?"

"రేపటి సంది కొట్టం ఊడ్వనీకి కంపెనీ సార్లను పిలువు. సూట్లేసుకొనొచ్చి ఊడుస్తరు."

నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

నాగమణమ్మ అమ్మవారి వైపు చూసింది. మంచి పనేనని కదా తల్లీ మొక్కింది! మంచి పనికి పేదోళ్ల పొయ్యే ఎందుకు ఆరాలి?

"పొద్దుగాల బండికి అడ్డం కూసుంట," అంది.

"పిచ్చి లేసిందా నీకు?" అన్నాడు మల్లన్న.

"హారతి వట్టింది నేనే గదా. అడ్డం గూడ నేనే కూసుంట."

తెల్లవారి ఆడవాళ్లంతా ఆమె పక్కన కూర్చున్నారు. బండిలోంచి కంపెనీ ఆఫీసరు వివేక్, వెనక జీపులోంచి ఇన్‌స్పెక్టరు దిగారు.

"అమ్మా, పొగ తగ్గించాలని ప్రపంచమంతా కష్టపడుతోంది," అన్నాడు వివేక్ మర్యాదగా.

"మా పిడకల పొగతోనే ప్రపంచం ఖరాబైందా బిడ్డా?" అంది సుందరమ్మ.

వివేక్ ఇన్‌స్పెక్టరుకు ఫోన్ చూపించాడు. "గల్లీ అంతా ఒప్పుకుంది సార్. మా మీటింగుల్లో ఈ ఫొటోనే చూపిస్తాం."

ఫొటోలో హారతి పళ్లెంతో నాగమణమ్మ.

"గది మొక్కు సారూ! ఒప్పుకున్నట్టు కాదు!"

"ఫొటోలో ఉన్నది మీరే కదమ్మా?" అన్నాడు వివేక్.

నాగమణమ్మ బండి ముందు నుంచి కదల్లేదు.

పోలీసులు ఒక్కొక్కరినీ ఈడ్చారు. మల్లన్న తలెత్తకుండా పేడ తొట్టి మోసుకొచ్చి బండి దగ్గర దించాడు. నాగమణమ్మ విదిలించుకుని తొట్టిలో చెయ్యి ముంచి, ఆ రంగుల గడుల మీద ఒక్క చరుపు చరిచింది. పిడక అతుక్కుంది. దాని పక్కన సుందరమ్మది. ఆ తర్వాత లెక్కే లేదు.

డ్రైవరు నీళ్ల పైపు పెట్టి అన్నీ కడిగేశాడు. పేడ బండిలోకెక్కింది. ఆడవాళ్లు పోలీసు వ్యానులోకెక్కారు.

"ఎవరు మొదలువెట్టిండ్రు?" గద్దించాడు ఇన్‌స్పెక్టరు.

"నేనే," అంది నాగమణమ్మ.

"తర్వాత నేను. రాస్కో," అంది సుందరమ్మ.

వ్యాను కదిలింది. కంపెనీ బండి పక్క గల్లీలోకి తిరిగింది. కాసేపటికి అటు నుంచి హారన్ మోగింది. ఆగకుండా మోగుతూనే ఉంది. అడ్డం ఎవరున్నారో వ్యానులోంచి కనబడలేదు.