ఖాళీ అని రాసిన చోటు

ఆయన ఎడమచేత్తో మీట లాగాడు. పైన టెలిస్కోపు రిసీవరు ముందుకు నల్లటి స్పాంజి పలక జరిగి ఆగిన చప్పుడు కింది గదిలోకి వినిపించింది. పది లెక్కపెట్టి మీట వదిలాడు. తెర మీది అంకె కుదుటపడ్డాక దాన్ని లాగ్‌బుక్కులో పెన్సిలుతో రాసుకున్నాడు. ముందుగా ఆ పలకతో గది వేడిని ఒకసారి చూపిస్తే తప్ప ఆకాశం నుంచి వచ్చేది ఎంతో ఆ యంత్రానికి లెక్క దొరకదు. ఇరవై ఆరేళ్లుగా రోజుకు ముప్ఫైసార్లు ఆయన చేసే పని ఇదే. ఎడమ భుజం కుడి భుజం కన్నా కాస్త కిందికి దిగింది. ఈమధ్య ఆ చెయ్యి లాగుతోంది కూడా. అంతా మీట పుణ్యమేనని భార్యతో అన్నాడు.

రేడియో టెలిస్కోపు ఆపరేటరు అనగానే అందరూ నక్షత్రాల గురించి అడుగుతారు. నక్షత్రాలు ఆయనకు పెద్దగా తెలియవు. తెలిసినవల్లా కంప్రెసరు దగ్గు, గాలివాటం, యాంటెన్నా పళ్లెం తిరిగేటప్పుడు మూలిగే బేరింగు, నాలుగింటి బస్సు. దాని తరవాత బస్సు అయిదున్నరకి. ఆ గంటన్నర స్టాపులో ఈగలు తోలుకుంటూ కూర్చోవడం ఇష్టంలేక ఆయన ఏనాడూ నాలుగింటి బస్సు తప్పిపోనివ్వలేదు. పరిశోధకులు నాలుగింటాయన అని పేరు పెట్టి, ఎదురుగానే అలా పిలిచేవారు. ఆయనా పలికేవాడు.

ఈ మధ్యాహ్నం బోర్డు మీద ఎవరి పేరూ లేదు. రావలసిన పరిశోధకుడు జ్వరమని రాలేదు. వచ్చే సోమవారం ఈ పాత రిసీవరు దింపేస్తారని గోడకి నోటీసు అంటించి ఉంది. పాత కొలత సరిచూడాలంటే ఇదే రిసీవరుతో చూడాలి. ఆ నోటీసు అంటించినప్పటి నుంచి ఆయనకు అన్నం సరిగా దిగడం లేదు.

నక్షత్రాల మధ్య చల్లటి వాయువు మబ్బుల్లా పరుచుకుని ఉంటుంది. కంటికి కనపడదు గాని సన్నటి రేడియో అల పంపుతుంది. తెర మీద అది ఒక గీతగా లేస్తుంది. దాన్ని పట్టుకోవాలంటే ముందు కావలసిన చోటు వైపు చూడాలి, తరవాత పక్కనే ఏమీ లేని చోటు వైపు చూడాలి, మొదటి దాంట్లోంచి రెండోదాన్ని తీసెయ్యాలి. ఆ రెండోదాన్ని ఇక్కడ అందరూ ఖాళీ అంటారు. ఖాళీ నిజంగా ఖాళీయేనా అని ముందే మరో దూరపు చోటుతో సరిచూడాలి. అందుకు పట్టేది నలభై నిమిషాలు.

పంతొమ్మిదేళ్ల కిందట, ఇవే రోజుల్లో, ఒక పరిశోధక విద్యార్థిని వచ్చింది. ఎవరిదో వదులు స్వెట్టరు, చేతిలో కొరికి కొరికి పెట్టిన పెన్సిలు. ఎప్పుడో పేలిన నక్షత్రం పక్క నుంచి గామా కిరణాలు వస్తున్నాయి. ఆ పేలుడు తరిమిన కణాలు వాయువుకు గుద్దుకోబట్టే అవి పుడుతున్నాయని ఆ అమ్మాయి వాదన. అది నిలవాలంటే అక్కడ వాయువు ఉండాలి. మూడు నెలలు ఎదురుచూస్తే ఆమెకు ఒక్క రోజు దొరికింది.

మూడు ఇరవైకి, ఖాళీని కూడా ఒకసారి చూద్దామా అని ఆమె మెల్లగా అడిగింది. ఆయన గోడ గడియారం వంక చూశాడు.

"అక్కడేం లేదమ్మా, నేను చూసిందే" అన్నాడు.

చూడలేదు. లాగ్‌బుక్కులో ఖాళీ అని రాసి, సంచీ సర్దుకున్నాడు. అరగంటలో మిగతా పని ముగించి ఇద్దరూ పరుగున వెళ్లి బస్సెక్కారు. కిటికీ పక్క సీటు ఆమె ఆయనకే ఇచ్చింది.

ఆమె గీసిన పటంలో, సరిగ్గా గామా కిరణాలు వచ్చే చోట, గుంట పడింది. వాయువు లేదు కాబట్టి వాదన నిలవదని ఆమె గైడు తేల్చేశాడు. ఏడాది కొట్లాడి, ఆమె పరిశోధన మానేసి హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరింది.

రెండేళ్ల తరవాత ఇంకెవరో అదే ఖాళీని వాడారు. పైకి లేవవలసిన గీత కిందికి కుంగింది. ఖాళీలోనే వాయువు ఉంటే అలాగే అవుతుంది. ఆయన ఆ చోటును ఖాళీల జాబితాలోంచి మెల్లగా కొట్టేశాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ తరవాత వచ్చినవాళ్లందరూ బాగుపడ్డారు, ఆ అమ్మాయి తప్ప. ఆ ఖాళీలో ఉన్నదెంతో కొలిచి తిరిగి కలిపితే ఆమె పటం సరైపోతుందని ఆయనకు తెలుసు. నలభై నిమిషాల పని. పదిహేడేళ్లుగా చెయ్యలేదు. చేస్తే అబద్ధం బయటపడుతుంది. ఆయన రోజూ అన్నం తిన్నాడు, నిద్రపోయాడు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికిన రోజున మాత్రం నిలబడే వెళ్లేవాడు.

ఇవాళ మూడు ఇరవైకి ఆ చోటు అంకెలు కాగితం చూడకుండానే కొట్టాడు. పళ్లెం మూలుగుతూ తిరిగింది. ఇంటికి ఫోను చేసి ఆలస్యమవుతుందని చెబితే, బస్సుగాని చెడిపోయిందా అని అడిగింది భార్య. ఆయన ఆలస్యానికి ఆవిడకు ఇంకో కారణం తోచలేదు.

నాలుగింటికి బస్సు వచ్చింది. ఆయన కోసం డ్రైవరు రెండుసార్లు హారను కొట్టి, కాసేపు ఆగి, వెళ్లిపోయాడు. కిటికీలోంచి దుమ్ము సర్దుకునేదాకా చూసి ఆయన తెర వైపు తిరిగాడు. గీత లేచింది. సన్నగా, నిటారుగా, ఏ సందేహానికీ తావివ్వకుండా.

ఆ అమ్మాయి నంబరు రాసుకుని పర్సులో ఏళ్ల తరబడి నలిగిన చీటీ తీసి ఫోను చేశాడు.

"నేనమ్మా, టెలిస్కోపు దగ్గర నాలుగింటాయన్ని."

"ఆపరేటరుగారా? బాగున్నారా అండీ?" ఆమె వెనకాల పిల్లలు బెంచీలు లాగుతున్న చప్పుడు.

"ఆ ఖాళీ ఖాళీ కాదమ్మా. ఇప్పుడే చూశాను. ఆ రోజు చూశానని అబద్ధం చెప్పాను. తప్పని తెలిసి కూడా పదిహేడేళ్లయింది."

ఆమె తరగతి బయటికి వచ్చినట్టుంది, బెంచీల చప్పుడు తగ్గింది.

"గీత ఎంత ఎత్తొచ్చింది?" అని అడిగింది ఆమె.

చెప్పాడు. ఆమె లోలోపల లెక్క కట్టుకుంది.

"గుంట పూడుతుందమ్మా" అన్నాడు.

"పూడటమేంటండీ. గుట్టే లేస్తుంది అక్కడ."

"నన్ను తిట్టమ్మా. తిడితే బావుంటుంది."

"ఏమని తిట్టనండీ? సరిచూడాలని నాకూ తెలుసు. మీతోపాటు పరిగెత్తి నేనూ అదే బస్సెక్కానుగా."

తిట్టినా ఇంత బాధ కలిగేది కాదు. గురువారం సెలవు పెట్టి వచ్చి కళ్లారా చూసుకుంటానని చెప్పి ఆమె ఫోను పెట్టేసింది.

ఆయన బీరువాలోంచి పంతొమ్మిదేళ్ల నాటి లాగ్‌బుక్కు తీసి, దుమ్ము దులిపి, ఆ పేజీ తెరిచాడు. ఎడమచేతిని రెండుసార్లు విదిలించుకుని, స్కేలు పెట్టి ఖాళీ అన్న మాట కొట్టేశాడు. పక్కన కొత్త కొలత, తేదీ, ఆ రోజు సరిచూడలేదన్న ముక్క రాశాడు. నియమం ప్రకారం దిద్దుబాటుకు ఆపరేటరుదీ, ఆనాటి పరిశీలకులదీ రెండు సంతకాలు కావాలి. రెండు గళ్లు గీసి, ఒకదాంట్లో తన సంతకం చేశాడు.

అయిదున్నర బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంటే కూర్చున్నాడు. ఆఖరి స్టాపులో అందరూ దిగారు, ఆయన దిగలేదు. నిద్రపోయాడనుకుని కండక్టరు ఎడమ భుజం మీద తట్టాడు. మనిషి పక్కకి ఒరిగిపోయేసరికి డ్రైవరును పిలిచాడు.

కంట్రోలు గదిలో లాగ్‌బుక్కు తెరిచిన పేజీతో అలాగే ఉంది. పరిశీలకుల సంతకం అని రాసిన గడి ఖాళీగా ఉంది, దాని మీద కొత్తగా చెక్కిన పెన్సిలు పెట్టి ఉంది.