నవ్వితే పిలవండి

నాకు అన్నిటికంటే భయం మా పాప నవ్వు.

ఈ మాట మొదటే రాసేస్తున్నాను. తర్వాత చెప్దాంలే అని ఆగితే, మధ్యలో ఎవరో ఒకరు "సరే సరే, అర్థమైందమ్మా" అనేస్తారు. నాలుగేళ్ళుగా నా మాట అందరికీ సగంలోనే అర్థమైపోతోంది.

పాపకి నాలుగేళ్ళు. ఇంట్లో బుజ్జులు అంటాం. మెడ ఇప్పుడిప్పుడే నిలుపుతోంది. కూర్చోదు, నడవదు, మాట రాలేదు. కానీ నవ్వుతుంది. దానికి రెండు నవ్వులున్నాయి. ఒకటి దాని సొంత నవ్వు. గ్లాసులో చెంచా తిప్పిన చప్పుడు వింటే వస్తుంది. పైకి వినపడదు. కళ్ళు నన్ను వెతుక్కుంటాయి, వేళ్ళు విచ్చుకుంటాయి. రెండోది ఉన్నట్టుండి ఊడిపడుతుంది. ఎవరో చక్కిలిగింతలు పెట్టినట్టు కిలకిలా, ఇల్లంతా వినపడేలా. కళ్ళు మాత్రం గోడవైపే ఉంటాయి. బొటనవేళ్ళు రెండూ గుప్పిట్లోకి పోతాయి. నేను ఇరవై లెక్కపెట్టేసరికి నవ్వు ఆగుతుంది, పెదాలు నల్లబడతాయి, ఊపిరి ఎక్కడో చిక్కుకుంటుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి వీపు రాస్తుంటే మెల్లగా అందుకుంటుంది. ఒకసారి నలభై దాకా అందుకోలేదు. నలభై తర్వాత ఏ అంకె వస్తుందో నాకు గుర్తు రాలేదు.

అది నవ్వు కాదు, ఫిట్స్. నేను చెప్పేదల్లా ఇంతే.

మా అత్తయ్యకి ఆ నవ్వంటే ప్రాణం. కిలకిల వినపడితే చాలు, చేతిలో పని ఎక్కడిదక్కడ పడేసి వస్తారు.

"చూశావా, నానమ్మని చూసి ఎలా నవ్వుతోందో!"

"మిమ్మల్ని చూడట్లేదు అత్తయ్యా. ఒక్కసారి దాని చేతులు చూడండి."

"పిల్ల ఏడిస్తే ఏడ్చే తల్లుల్ని చూశాను గానీ, నవ్వితే ఏడ్చేదాన్ని నిన్నే చూస్తున్నానమ్మాయ్."

మా ఆయన సిటీ బస్సు నడుపుతారు. పొద్దున్నే వెళ్తే చీకటిపడ్డాకే రావడం. ఆ నవ్వు ఆయన డ్యూటీ టైములు చూసుకుని మరీ వస్తుందేమో, ఆయన కంట ఒక్కసారీ పడలేదు. "అమ్మకున్న సంతోషం అదొక్కటే. దాన్ని కూడా లాగేసుకోకు" అన్నారు నాతో. లాగేసుకుని నేనేం చేసుకుంటాను?

ఇక ఆసుపత్రి. నరాల వాళ్ళు రెండో అంతస్తు, సోమవారం. కళ్ళ వాళ్ళు వెనక బిల్డింగు, మంగళవారం. ఎముకలూ వ్యాయామం ఒక చోట, కడుపు, మింగడం నేర్పించే ఆవిడ, తలా ఒక రోజు, తలా ఒక చీటీ. నరాల మందుకి పాప మత్తుగా తూగుతుంటే, వ్యాయామం ఆవిడ "సహకరించడం లేదు" అని రాసింది. మింగడం ఆవిడ పాలు చిక్కగా పట్టమంది, కడుపు డాక్టరు పల్చగా పట్టమన్నాడు. "ఆవిడ అలా చెప్పిందండీ" అంటే "అది మా డిపార్ట్‌మెంటు కాదమ్మా" అన్నాడు. తల ఒకరిది, కాళ్ళు ఒకరివి, కడుపు ఒకరిది. మిగతా పిల్ల నాది. అయిదు చీటీలూ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, పిల్లని భుజాన వేసుకుని, మెట్లెక్కీ దిగీ నా మోకాళ్ళు అరిగాయి.

అప్పుడొచ్చింది ఫైలక్క. అసలు పేరు వేరే. బెంచీ మీద కూర్చునే తల్లులం అందరం కలిసి పెట్టుకున్న పేరది. నర్సే, కానీ సూది పట్టదు, ఫైలు పడుతుంది. అయిదు చోట్ల కాగితాలు ఒక్కచోట కుట్టి, అయిదుగురు డాక్టర్లనీ ఒక్క రోజున దొరికేలా చేయడం ఆవిడ పని.

"ఇకమీదట నువ్వు తిరగక్కర్లేదు చెల్లెమ్మా. వాళ్ళే నీ చుట్టూ కూర్చుంటారు" అంది.

"నా చుట్టూనా? కొట్టడానికా అక్కా?" అన్నాను. పగలబడి నవ్వింది. నేను జోకు వేసి ఎన్నాళ్ళయిందో.

నిజంగానే కూర్చున్నారు. పెద్ద బల్ల, అయిదుగురు డాక్టర్లు, మా ఆయన, అత్తయ్య, ఒళ్ళో పిల్లతో నేను. అందరితోపాటు నాకూ గ్లాసుతో మంచినీళ్ళు పెట్టారు. నరాల పెద్ద డాక్టరు నావైపు తిరిగి, "చెప్పండమ్మా, అన్నిటికంటే మీకు ఏది కష్టంగా ఉంది?" అని అడిగారు. నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. నేను చెప్పాను. బొటనవేళ్ళు, గోడ, ఇరవై, నలభై, అన్నీ. ఆయన వింటూనే ఫైలు మొదటి పేజీ తీశారు. చదివారు. పక్కనున్న ఆవిడకి అక్కడేదో వేలితో చూపించారు. ఆవిడ తల ఊపింది.

"సరే సరే, అర్థమైందమ్మా. ముందు మీరు కాస్త నిద్రపోవాలి" అన్నారు.

మీటింగ్ అయ్యాక, మొదటి పేజీ అయిదు కాపీలు తీయించుకు రమ్మంది ఫైలక్క. గేటు పక్క జిరాక్స్ షాపు. నన్ను ఎనిమిదో క్లాసు సగంలో మాన్పించారు, అమ్మ మంచాన పడితే. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలను, అర్థం తెలియదు. కానీ ఆ పేజీలో ఒక చోట రెండు మాటల కింద రెండు గీతలు కొట్టి ఉన్నాయి. ఆ రెండు మాటలూ నేను ముందే చూశాను, కళ్ళ వాళ్ళ చీటీలో, ఎముకల వాళ్ళ చీటీలో. ఏదో జబ్బు పేరనుకునేదాన్ని.

"ఇదేంటన్నా, చదివి పెడతారా?"

షాపతను కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "వివరాలు చెప్పినవారు, తల్లి. నమ్మదగినది కాదు." చదివేశాక గానీ ఎదురుగా ఉన్నది ఆ తల్లేనని అతనికి తట్టలేదు. సర్దుకోవడానికి, "పోనీలేమ్మా, మా ఆవిడ నా గురించి రోజూ అంటూనే ఉంటుంది ఇదే మాట" అన్నాడు. కాపీలు వేడివేడిగా చేతిలో పెట్టాడు.

ఫైలక్క దగ్గరికి వెళ్ళి పేజీ బల్ల మీద పరిచాను. "ఎవరు రాశారిది?"

ఆవిడ పాత కాగితాలు తిరగేసింది. "మొదటిసారి వచ్చినప్పుడు పాపకి ఆరు నెలలు. ఒళ్ళు కొట్టుకునే ఫిట్స్ మొదట ఎప్పుడొచ్చిందని అడిగితే నువ్వు మంగళవారం అన్నావట. మళ్ళీ బుధవారం అన్నావట. మీ ఆయన ఆదివారం అన్నాడట."

"మూడు రోజులూ వచ్చిందక్కా!"

ఫైలక్క పెన్ను కింద పెట్టేసింది.

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. నాకు పందొమ్మిదేళ్ళు. నాలుగు రోజులుగా కన్ను మూయలేదు. అవి రాసుకున్న చిన్న డాక్టరు నావైపు చూడలేదు, గడియారం వైపు చూశాడు.

"కొట్టేయండి అక్కా."

"నేను కొట్టేయకూడదు. రాసినవాళ్ళే కొట్టేయాలి. అతను చదువైపోయి ఎప్పుడో వెళ్ళిపోయాడు."

అయిదు డిపార్ట్‌మెంట్లూ ఒకరి కాగితం ఒకరు చదవరని ఇన్నాళ్ళూ తిట్టుకున్నాను. పాలు చిక్కగానా పల్చగానా అన్నది ఒకరి నుంచి ఒకరికి చేరలేదు. మందు మత్తు సంగతి చేరలేదు. ఈ రెండు మాటలు మాత్రం అన్ని మెట్లూ ఎక్కి అన్ని గదుల్లోకీ క్షేమంగా చేరాయి, గీతలతో సహా.

ఫైలక్క నాకొక తెల్ల కాగితం ఇచ్చింది. "నువ్వే రాయి. నీ అక్షరాలతోనే. నవ్వు ఎలా వస్తుందో, అప్పుడేం చెయ్యాలో. ఫైలు మీద అంటిస్తాను." వంటగది గట్టు మీద పెట్టి రెండు రోజులు రాశాను. ఎనిమిదో క్లాసు తర్వాత నేను రాసిన మొదటి పేజీ అది. బొటనవేళ్ళ బొమ్మ కూడా వేశాను.

ఆ వారమే మా వదిన ఫోన్ చేసింది, అంటే మా ఆయన అక్క. "బుజ్జులు బాగా కోలుకుంటోందటగా! వీడియో చూసి మేమంతా మురిసిపోయాం." ఏం వీడియో? నేను మేడ మీద బట్టలు ఆరేస్తుండగా అత్తయ్య తన ఫోన్లో తీసి చుట్టాలందరికీ పంపేశారట. చూపించమన్నాను. బుజ్జులు కిలకిలా నవ్వుతోంది. వెనకాల అత్తయ్య గొంతు, "ఇంకా నవ్వు, ఇంకా నవ్వు నా తల్లీ." కింద అందరూ ఎర్ర గుండె బొమ్మలు పెట్టారు. నేను మధ్యలో ఆపాను.

"అత్తయ్యా, చేతులు."

చూశారు. ఇంకాస్త ముందుకి జరిపాను. ఆఖర్న పెదాల రంగు. ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, బల్ల మీద బోర్లా పెట్టారు. "ఇంకా నవ్వు ఇంకా నవ్వు అన్నానే నేను" అన్నారు. ఇప్పుడు కిలకిల వినపడితే నాకంటే ముందు పరిగెత్తేది ఆవిడే.

ఆ వీడియో చూశాక పెద్ద డాక్టరు కుర్చీలో ముందుకి జరిగారు. అంటే, అత్తయ్య ఫోన్ నమ్మదగినది. "ఫిట్సే కావచ్చు. తలకి వైర్లు పెట్టి చూసే గది ఒకటే ఉంది. వరుస వచ్చేదాకా వార్డులో ఉంచండి. ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు రాయమనండి. శుక్రవారం చార్టు చూస్తాను. ఫిట్స్ రాసి ఉంటే ఆ గదిలోకి పంపిస్తాం, మందు మారుస్తాం. లేకపోతే ఇంటికే" అన్నారు.

సోమవారం చేర్చుకున్నారు. పిల్లల వార్డు, మూడో అంతస్తు. తలుపు మీద పెద్ద బొమ్మ, బిడ్డనెత్తుకున్న తల్లి. దాని కింద "కుటుంబమే మా వైద్యానికి కేంద్రం" అని రంగు అక్షరాలు. దాని కింద చిన్న కాగితం: తల్లులకు ప్రవేశం సాయంత్రం నాలుగు నుంచి అయిదు వరకు.

నేను రాసిన పేజీ ఎక్కడుందని అడిగాను. మన భాషలో రాసిన కాగితం కేసు షీటులో ఉండకూడదట, తీసి పక్కన పెట్టారట. ఆ పక్క ఎక్కడో ఎవరికీ తెలియదు. ఫైలక్క కోసం పరిగెత్తాను. గది తాళం వేసి ఉంది. ఆవిడ పని ఆరు నెలల ప్రయత్నమట, గడువైపోయిందట, ఆవిడని ఇంకెక్కడికో పంపారట. ఆవిడ కుట్టిన ఫైలు ఆ తాళం వెనక ఉంది.

నిన్న నాలుగింటికి లోపలికి వెళ్తే నర్సమ్మాయి ఎదురొచ్చింది. "మీ పాప బంగారమండీ! వార్డంతా ఏడుస్తుంటే ఇదొక్కతే నవ్వుతుంది."

"ఎన్నిసార్లు?"

చార్టు తీసి సంతోషంగా చదివి చెప్పింది. "పాప హుషారుగా ఉంది. మూడుసార్లు నవ్వింది. ఫిట్స్ లేవు."

"బొటనవేళ్ళు లోపల ఉన్నాయా తల్లీ? ఎటు చూస్తోంది?"

"అవన్నీ ఎవరు చూస్తారమ్మా, నాకు ముప్ఫై మంది పిల్లలు." అంటూనే మంచానికి వేలాడుతున్న కొత్త షీటు వైపు చూసింది. నేనూ చూశాను. కొత్త కాగితం, కొత్త చేతిరాత. అవే రెండు మాటలు, కింద రెండు గీతలు.

అమ్మాయి చెడ్డది కాదు. ముప్ఫై మంది నిజమే. నాలుగు నుంచి అయిదు దాకా బుజ్జులు నన్ను పట్టుకుని నిద్రపోయింది. నవ్వు రాలేదు.

ఈరోజు బుధవారం. కింద బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. లిఫ్టు దగ్గర మెడలో కార్డులు వేసుకుని బొమ్మలు పంచేవాళ్ళు నిలబడ్డారు. పొద్దున పూట వాళ్ళని లోపలికి పంపిస్తారు. పిల్లలతో ఫోటోలు తీసుకుంటారు. ఏడ్చే పిల్లల దగ్గర ఎవరూ నిలబడరు కదా. నవ్వే పిల్ల దగ్గరే నిలబడతారు.

ఇది చదివేవాళ్ళలో ఎవరైనా అలా లోపలికి వెళ్ళేవాళ్ళు ఉండొచ్చు, తుడవడానికైనా, మందులు మోయడానికైనా, బొమ్మలివ్వడానికైనా. మూడో అంతస్తు, కిటికీ పక్కనున్న ఏడో మంచం. పసుపు గౌను. నా మాట నమ్మక్కర్లేదు, మీ కళ్ళతో చూడండి. అది మిమ్మల్ని చూసి, వేళ్ళు విప్పి, చప్పుడు లేకుండా నవ్వితే మీ అదృష్టం, మీరూ నవ్వండి. కిలకిలా నవ్వుతూ గోడవైపు చూస్తుంటే మాత్రం ఫోటో తీయకండి. పక్కకి తిప్పి వీపు రాయండి. నర్సుని పిలిచి, ఫిట్స్ అని చార్టులో రాయించండి. శుక్రవారం లోపు, ఎవరైనా ఒక్కసారి వెళ్ళి మా బుజ్జుల్ని చూసి రండి.