పగలు తల మీద, రాత్రి మెడ కింద

నేను ఒక పాత తువ్వాలుని. ఒకప్పుడు నాకు నీలం అంచు ఉండేది. ఇప్పుడది ఏ రంగో చెప్పడం కష్టం. నన్ను నేసిన ముసలాయన మగ్గం గుంటలో రోజంతా తల వంచుకుని కూర్చునేవాడు. లేచేటప్పుడు తన మెడను రెండు చేతులతో తానే పట్టుకుని నిలబెట్టుకునేవాడు. మనుషుల మెడలు అలా వంగే ఉంటాయని అప్పట్లో అనుకున్నాను.

దేవదానం నన్ను సంతలో కొన్నాడు. అతను ఇళ్లు కట్టే చోట కూలి. అతని భుజం మీద ఉన్నంతకాలం నాకు మర్యాద జరిగింది. చర్చికి వెళ్లాను, పెళ్లిళ్లకు వెళ్లాను, అతను కూర్చోబోయే బల్లలు దులిపాను. నడుమ చిరుగు పడిన రోజున నన్ను భార్య సువార్త మీదకు విసిరాడు.

"కుదురు చేసుకోవే, ఇంకెందుకూ పనికిరాదు."

ఆమె నన్ను మెలిపెట్టి, గుండ్రంగా చుట్టి, కొస లోపలికి దోపి నడినెత్తిన పెట్టుకుంది. అలా చుట్టకుదురునయ్యాను. మగవాడి భుజానికి పనికిరానిది ఆడమనిషి తలకు బాగానే పనికొస్తుందట.

అప్పటినుంచి నా మీద కంకర తట్ట, నా కింద సువార్త. స్లాబు వేసే రోజున సిమెంటు నీళ్లు నాలోంచి కారి ఆమె చెవుల వెనక ఎండిపోయేవి. ఎన్ని మేడలు ఎక్కామో! ఒక్క మేడలోనూ కాసేపు కూర్చోమన్నవాళ్లు లేరు. మేస్త్రి జంటలనే పనిలోకి పెట్టుకుంటాడు. మగవాడు సిమెంటు కలపాలి, ఆడది మొయ్యాలి. ఒకరు రాకపోతే రెండోవారికీ పని లేదు.

కొన్నాళ్లకు సువార్త చేతికి తిమ్మిరి పట్టుకుంది. అన్నం ముద్ద వేళ్ల మధ్య నుంచి జారిపోయేది. రాత్రిళ్లు ఏ పక్కకు తిరిగినా మెడలో నొప్పే. పక్క ఊరి హైస్కూల్లో ఉచిత శిబిరం పెట్టారని ఎవరో చెబితే మొగుణ్ణి బతిమాలి వెంటబెట్టుకుని బయల్దేరింది. ఆస్టియోపతి అనే వైద్యమట. ఎముకలనూ కండరాలనూ చేతులతోనే పట్టి చూసి సరిచేస్తారట. దారిలో ఎవరైనా పనికి పిలుస్తారేమోనని నన్నూ సంచీలో వేసుకుంది.

డాక్టరమ్మ చిన్న వయసుది. పక్కనుంచి "సువార్తా!" అని పిలిచింది. సువార్త భుజాలతో సహా మొత్తం తిరిగింది.

"ఏమ్మా, మెడ తిప్పకుండా మనిషివంతా తిరుగుతున్నావు?"

"మా ఆడదానికి పొగరులెండి. ఎవురు పిలిచినా తల తిప్పదు" అని దేవదానం నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

"బరువులు మోస్తావా?"

"ఏం మోస్తదండీ, ఇంటి పనే" అన్నాడు దేవదానమే. పని మానమంటుందేమోనని అతని భయం. సువార్త కళ్లు దించుకుంది. తల దించడం ఆమె వల్ల కాలేదు.

డాక్టరమ్మ ఆమె గడ్డాన్ని ఛాతీ వైపు వంచి చూసింది. తలను ఒక పక్కకు వాల్చి, నడినెత్తిన అరచేత్తో మెల్లగా నొక్కింది. సువార్త "అమ్మో!" అని బొటనవేలు పట్టుకుంది. నొక్కింది తల మీద, నొప్పి దిగింది వేలిలోకి. డాక్టరమ్మ చెయ్యి తీయబోయి ఆగింది.

"ఇక్కడ జుట్టు ఏమైందమ్మా?"

దేవదానం కిటికీ వైపు చూశాడు. సువార్త సంచీలోంచి నన్ను తీసి ఒళ్లో పెట్టుకుంది. నేనింకా గుండ్రంగానే ఉన్నాను. ఆమె తల మీది బోడి మచ్చ కూడా అంతే గుండ్రంగా ఉంది.

డాక్టరమ్మ నన్ను అందుకుంది. విప్పి దులిపింది. సిమెంటు రాలింది. పొడుగ్గా చుట్టి, సువార్తను పడుకోబెట్టి మెడ కింద పెట్టింది. ఆ తర్వాత రెండు అరచేతుల్లో ఆమె తల పట్టుకుని, లాగీ లాగనట్టు, చాలాసేపు ఉండిపోయింది. అన్నాళ్లు ఆ మెడ మీద బరువై కూర్చున్న నేను, అది ఎంత సన్నదో ఆ రోజే తెలుసుకున్నాను. సువార్త కంటి నీళ్లు చెవుల్లోకి జారాయి.

"నొప్పిగా ఉందా?"

"లేదమ్మా. నా తల ఇంకొకరు మోస్తన్నారు గదా, అందుకని."

మెడలో నరం నలుగుతోందనీ, పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే ఫోటో తీయించమనీ డాక్టరమ్మ చెప్పింది. "తల మీద ఇక బరువు పెట్టావంటే చెయ్యి పడిపోవచ్చు. రాత్రిళ్లు ఈ తువ్వాలునే ఇలా మెడ కింద పెట్టుకో" అంది.

ఇంటికొచ్చాక దేవదానం గడప మీద కూలబడ్డాడు. "జంట లేకపోతే మేస్త్రి నన్నూ రావద్దంటాడే" అని, పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న కూతురి వైపు చూశాడు. "ఎస్తేరు వస్తదిలే. కాలేజీ తెరిచిందాకే గదా."

"వద్దయ్యా. నా మెడ పోతే పోయింది, ఆ కుదురు దాని తల మీదకి ఎక్కనీయను."

డాక్టరమ్మ వద్దన్నది నీ తల మీదనే గదా అన్నాడు దేవదానం. మనుషులు మంచి మాటను తమకు ఎక్కడిదాకా కావాలో అక్కడిదాకే వింటారు.

మర్నాడు తెల్లవారకముందే సువార్త నన్ను కట్టెల కిందకు తోసేసింది. ఎస్తేరు నాకోసం ఇల్లంతా వెతికింది. "పోనీలే నాన్నా, నా చున్నీ ఉందిగా" అని బడికి వేసుకెళ్లే చున్నీని చుట్టి తల మీద పెట్టుకుని తండ్రి వెంట వెళ్లిపోయింది. అది నాకంటే ఎంత పలచనో నాకు తెలుసు.

సాయంత్రం పిల్ల వచ్చి గడప మీద కూర్చుంది. వెనక పొయ్యి దగ్గరనుంచి సువార్త "ఎస్తేరూ, మధ్యాహ్నం తిన్నావా?" అని పిలిచింది.

ఎస్తేరు భుజాలతో సహా మొత్తం తిరిగింది. "తిన్నానమ్మా."

సువార్త చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ తిరగడం ఏమిటో ఆమెకు ఇప్పుడు తెలుసు. తెలియకపోయినా బాగుండేది.

తెల్లారి ఆమే నన్ను కట్టెల కిందనుంచి తీసింది. తన పాత చీర ముక్క లోపల పెట్టి, నన్ను ఎన్నడూ లేనంత మెత్తగా, దళసరిగా చుట్టింది. కూతురి తల మీద పెట్టి అరచేత్తో అదిమి చూసింది.

"కదలట్లేదుగా?"

"లేదమ్మా."

"మెడ నిటారుగా పెట్టు. కిందికి చూడబాకు."

ఇప్పుడు నేను పగలు కూతురి తల మీద, రాత్రి తల్లి మెడ కింద ఉంటున్నాను. తెల్లవారగానే సువార్త మెడ కిందనుంచి నన్ను తీస్తుంది. ఆ వెచ్చదనం చల్లారకముందే ఎస్తేరు అందుకుంటుంది. కాలేజీ తెరిచారు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. పాత గుడ్డలకు చివరికి చెత్తకుప్ప అయినా దక్కుతుంది. నాకు అదీ లేదు, నేను చిరిగిన చోటల్లా సువార్త కుట్టేస్తోంది.

నిన్న ఆదివారం. చర్చికి వెళ్లేముందు ఆమె ఎస్తేరుకు తల దువ్వుతోంది. నడినెత్తికి రాగానే దువ్వెన ఆగింది.

"ఏందమ్మా?"

"ఏం లేదులే, కదలబాకు" అంది సువార్త. ఆ చోటు కనపడకుండా పాపిడి పక్కకు తీసింది.