బెరడు బట్ట మీద పునా

కుక్క పునా చచ్చిపోయిన ఇరవై రెండో రోజు మధ్యాహ్నం, ఫూసీ చేతిలో కుంచె ఉండగానే నిద్రపోయింది.

ఆ వేళకు యూవా దీవిలో ఎవరికైనా కునుకు పడుతుంది. సముద్రం మీది గాలి ఆగుతుంది. పాలగుండ జిగురు వాసన, కోకా చెట్టు రంగు వాసన కలిసి షెడ్డులోనే నిలిచిపోతాయి. తొమ్మిదిమంది ఆడవాళ్లు పాస్టరు కూతురి పెళ్లికి బెరడు బట్ట చేస్తున్నారు. బెరడు నానబెట్టి, కొయ్య సుత్తులతో సాగగొట్టి, ముక్కకు ముక్క అతికించి, యాభై గడుల పొడవు తెచ్చారు. ఇక గీతలకు రంగు దిద్దడమే మిగిలింది. ఆ పని ఫూసీది. నలభై ఏళ్లుగా ఆమెదే.

నిద్రలో పునా వచ్చింది. ఎప్పటిలాగే వెనక ఎడమ కాలు ఎత్తి పట్టుకుని, మూడు కాళ్ల మీద. తడి బట్ట మీదికి ఎక్కింది. "దిగు" అంది ఫూసీ. దిగలేదు. బట్ట చివరిదాకా నడిచి, అక్కడినుంచి నీళ్ల మీదికి నడిచింది. నీళ్లు కూడా కోకా రంగులోనే, ముదురు గోధుమగా ఉన్నాయి. అది అడుగు వేసిన చోటల్లా ఒక మరక పడి, అలాగే ఉండిపోయింది. మరకలు చూసుకుంటూ ఫూసీ వెనకే వెళ్లింది. నీళ్లు మోకాళ్లదాకా వచ్చాయి. చల్లగా లేవు.

"ఇదేంటక్కా?"

పక్కన జిగురు రాస్తున్న లోసా గొంతు. ఫూసీ కళ్లు తెరిచింది. ముప్పై ఏడో గడిలో పూలు ఉండవలసిన చోట అడుగులు ఉన్నాయి. ఒక్కో అడుగుకు ఒక పెద్ద చుక్క, దాని పైన నాలుగు చిన్న చుక్కలు. మూడు అడుగులు, ఒక ఖాళీ. మళ్లీ మూడు అడుగులు, ఒక ఖాళీ. గడి ఈ చివరినుంచి ఆ చివరిదాకా. కుంచె ఇంకా ఆమె వేళ్ల మధ్యే ఉంది.

అందరిలోకీ పెద్దది పిసిలా. లేచి వచ్చి చూసింది.

"పాస్టరు గారి పిల్ల పెళ్లిబట్ట మీద కుక్క నడిచిందంటారు. నలుగురిలో నవ్వులపాలవుతాం."

"సింహాన్ని గీయట్లేదా మనం?" అంది లోసా. "సింహాన్ని నువ్వెప్పుడన్నా చూశావా పిన్నీ? మీ ఆయన గురక వినడం తప్ప?"

"సింహమంటే రాజుగారి గుర్తు. నీ నోటికి ఈ జిగురు రాయాలి."

అందరూ నవ్వారు. ఫూసీ నవ్వలేదు.

"కోసెయ్యండి. తప్పు నాది."

కోకా రంగు పట్టిందంటే పోదు. ఆ గడి కోసేసి, దాని బదులు కొత్తది అతికించారు. కోసిన ముక్కను ఫూసీ మడిచి, చంకలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. వసారాలో చాప మీద పరిచింది. ఎందుకు పరిచిందో తనకూ తెలియదు.

పొద్దున లేచేసరికి దాని మీద ఊరకుక్క ఒకటి పడుకుని ఉంది. పచ్చటిది. డొక్కలో ఎముకలు లెక్కపెట్టవచ్చు. వారం రోజులుగా గుమ్మం చుట్టూ తిరుగుతోంది. రెండుసార్లు ఫూసీయే తరిమింది. బట్ట లాగేద్దామని ఇప్పుడు వంగింది. కుక్క లేచి కంచెదాకా పరుగెత్తింది. ఆ దీవిలో మనిషి వంగితే కుక్కలు పారిపోతాయి, రాయి కోసమే వంగారనుకుంటాయి. పునా ఒక్కదానికే ఆ భయం ఉండేది కాదు.

ఫూసీ వంగినది వంగినట్టే ఉండిపోయింది. తర్వాత నేల మీద కూర్చుంది. చాలాసేపటికి కుక్క తిరిగి వచ్చి, అడుగుల మీద గడ్డం ఆనించి పడుకుంది.

అప్పుడే సిమోటే వచ్చాడు. ఊరి అధికారి, ఫూసీ తమ్ముడి కొడుకు.

"అత్తా, పెళ్లికి పైదీవులవాళ్లు వస్తున్నారు. మెడకు పట్టీ లేని కుక్కల్ని రేపు పొద్దున బండెక్కించి, రేవు అవతల తుపాకీతో కాల్చెయ్యమని పైనుంచి చెప్పారు. ఇది నీదా?"

"నాది కాదు. నా కుక్క పోయింది."

"అయితే రేపు దీన్నీ తీసుకుపోతాం."

అతను వెళ్లిపోయాక ఫూసీ చేమదుంప వలిచింది కానీ తినలేకపోయింది. కుక్క నిద్రలో కాళ్లు ఆడిస్తోంది. దాని కింద పునా అడుగులు కదులుతున్నట్టే ఉన్నాయి. కాసేపు అవి నడుస్తుంటే చూసింది. తర్వాత బట్ట అంచు పట్టుకుని, మూడు అడుగులు వచ్చేంత పేలిక చింపింది. కుక్క మెడకు కట్టింది. అది కిక్కురుమనలేదు.

మిగిలిన ముక్కతో షెడ్డుకు వెళ్లి, రేపు వచ్చే బండి సంగతి చెప్పింది. లోసా ఒక పేలిక తీసుకుంది. ఇంకొకామె రెండు తీసుకుంది. పిసిలా అందరికన్నా చివర వచ్చింది.

"మా ఇంటి వెనకాల ఒక దొంగముండ ఉంది. కోడిగుడ్లు తింటది. దానికి మందంగా ఉన్న ముక్క ఇయ్యి."

మర్నాడు పొద్దున బండి షెడ్డు ముందు ఆగింది. నీడన పదకొండు కుక్కలున్నాయి. పదకొండు మెడలకు బెరడు బట్ట.

"ఇది పట్టీ కాదత్తా," అన్నాడు సిమోటే. "వాన పడితే నానిపోద్ది."

"వాన పడిందా?"

"లేదు."

"అయితే పట్టీయే."

"ఎవరివి ఇవన్నీ?"

"నావి."

"నిన్న కాదన్నావు కదా?"

"నిన్న అన్నాను."

మేనత్త మాటను మేనల్లుడు దాటడం అక్కడ లేదు. తమ్ముడి ఇంట్లో ఆమె వేలు చూపించినది ఆమెదే అవుతుంది. ఊరంతటి మీదా వేలు చూపించిన మేనత్తను మాత్రం సిమోటే చూడలేదు. షెడ్డులోంచి ఆడవాళ్లు తొంగి చూశారు. బండి తోలే మనిషి ఇంజను ఆపి, దిగి, సిగరెట్టు వెలిగించాడు.

సిమోటే పుస్తకం తీశాడు. "సరే. పేర్లు రాసుకోవాలి. ముందు ఆ పచ్చదాని పేరు చెప్పు."

ఫూసీ నోటిదాకా ఒక పేరు వచ్చింది. దాన్ని మింగేసింది. పచ్చకుక్క వెనక కాలితో మెడ గోక్కుంటోంది.

"ఇంకా తెలీదు. ఎల్లుండి రా, చెబుతా."

"పదకొండింటికీ తెలీదా?"

"దొంగముండ పేరు పిసిలా అత్తని అడుగు."

సిమోటే చెప్పులు విడిచి, పుస్తకం తెరిచే పట్టుకుని, పిసిలాను వెతుక్కుంటూ షెడ్డులోకి వెళ్లాడు.