తొమ్మిది వోల్టుల పాట

వేణుమాధవ్ చేతికి వైరు ముక్క దొరికితే ఊరుకోడని గోదావరిఖని క్వార్టర్లలో అందరికీ తెలుసు. ఇరవై ఎనిమిదేళ్లుగా గనిలో ఎలక్ట్రీషియన్. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక కూడా ఆయనకు అదే పని, అదే ఆట. ఈమధ్య గోరంత ట్రిగ్గర్ బోర్డులు తెప్పించి వాటి మీద పడ్డాడు. ఫోన్ చార్జరు తనంతట తాను అయిదు వోల్టులే ఇస్తుంది. ఫాస్ట్ చార్జరుకూ వస్తువుకూ మధ్య ఈ బోర్డు పెడితే తొమ్మిది కావాలంటే తొమ్మిది, పన్నెండు కావాలంటే పన్నెండు అడిగి ఇప్పిస్తుంది. బోర్డు మీది చిన్న మీట నొక్కుతూ పోవడమే. దాంతో ఎదురింటి పూలమ్మ కుట్టుమిషనుకు లైటు పెట్టిచ్చాడు. తోటి ఎలక్ట్రీషియన్ సర్వర్‌కు, మోటార్ సైకిలు ట్యూబుల్లోకి గాలి కొట్టే చిన్న పంపుకు ఒకటి తగిలించాడు.

భార్య రమ పాటలు వాయించే కీబోర్డుకు మాత్రం తగిలించలేదు.

చేయకూడదని కాదు. ఇంట్లో పనే కదా, రేపు చేద్దాంలే అనుకున్నాడు.

రమ అంగన్‌వాడీ టీచరు. పిల్లలకు ఆటపాటలు నేర్పడానికి ఆ కీబోర్డు కొనుక్కుంది. దాని అడాప్టరు కాలిపోయాక ఆరు సెల్లులు వేసి నడిపించేది. "ఊరందరికి చేసిస్తవు, నా డబ్బాకు ఒక్కటి చెయ్యరాదా?" అని రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగడానికి ఆమెకు గొంతు లేదు. గొంతులో పుండన్నారు, ఆపరేషన్ అన్నారు, ఆ తర్వాత ఏం చెప్పాలన్నా నోటుబుక్కులో రాసి చూపించేది.

ఆ రోజుల్లోనే ఆమె తన తల్లి సమ్మవ్వ పాటను కీబోర్డు మీద వెతకడం మొదలుపెట్టింది. నాట్లు వేసేటప్పుడు సమ్మవ్వ పాడుకునే పాట అది. ఎక్కడా రాసి లేదు. సమ్మవ్వ పోయింది, ఆమె పక్కన వంగి నాట్లేసినవాళ్లూ పోయారు. ఆ వరుస రమకు ఒక్కదానికే వచ్చు. ఒక్కో మెట్టూ వెతుక్కుంటూ, తప్పితే మళ్లీ మొదటికి వస్తూ నెలరోజులకు మొత్తం పట్టింది. కీబోర్డు జ్ఞాపకంలోకి ఎక్కించి, నోటుబుక్కు తెచ్చి చూపింది. "పాట ఎక్కింది. విను."

వేణుమాధవ్ సెకండ్ షిఫ్టుకు బూట్లు వేసుకుంటున్నాడు. గడపలో నిలబడి మొదటి రెండు వరుసలు విన్నాడు. "మిగిలింది వచ్చినంక వింట," అని వెళ్లిపోయాడు. వచ్చేసరికి రమకు జ్వరం. పెద్ద దవాఖానకు తీసుకెళ్లారు. పదకొండో రోజు అక్కడే పోయింది.

నాలుగు నెలలు ఆయన ఆ కీబోర్డు జోలికి పోలేదు. ఒకసారి ధైర్యం చేసి మీట నొక్కితే తెర మీద అంకెలు కంటికి ఆనీ ఆనకుండా వెలిగాయి. గభాల్న ఆపేశాడు. దానితో వచ్చిన పుస్తకం తీసి చదివాడు. సెల్లులూ అడాప్టరూ రెండూ లేకుండా పోతే ఎక్కించిన పాట చెరిగిపోతుందని ఉంది. పాట వినిపిస్తే ఉన్న కాస్త చార్జీ అయిపోతుందేమోనని భయం. వినకపోయినా సెల్లులు చస్తాయని భయం. మందమర్రిలో ఉన్న కూతురు మమత ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ పాట ఉన్నదా అనే అడిగేది. చివరికి ఒకరోజు చెప్పాడు. "సోమవారం రా బిడ్డా. బయటి నుంచి కరెంటు ఇచ్చి పెడుత. ఇద్దరం కూసొని విందాం."

ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక సర్వర్ వచ్చాడు. అప్పటికే బోర్డు సిద్ధంగా ఉంది.

"తొమ్మిదికి పెట్టినవా?"

"పెట్టిన. ఈ కీబోర్డుకు ప్లగ్గు లోపల మైనస్సు, బయట ప్లస్సు. అన్నిటికి ఉల్టా. గట్లనే కలిపిన."

"మీటరు తే. నీ అద్దాల మీద నాకు నమ్మకం లేదు."

"నీ కండ్ల మీద నాకెక్కడుంది? మొన్న నా టిఫిన్ డబ్బా నీదనుకొని తిన్నవ్."

"కండ్లు తప్పలే అన్నా. అండ్ల చాపల కూర వాసనకు చెయ్యి తప్పింది."

ఇద్దరూ నవ్వారు. నాలుగు నెలల తర్వాత ఆ ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదలు. మీటరు తొమ్మిది చూపింది. ప్లస్సు, మైనస్సు ఇద్దరూ చూశారు. ప్లగ్గు పెట్టగానే మసక తెర తెల్లవారినట్టు వెలిగింది. మూలన చిన్న సంగీతం గుర్తు. పాట ఉందని అర్థం.

"ఉంది, భాభీ పాట ఉంది!" సర్వర్ తొడ చరిచాడు. "నొక్కు అన్నా, ఇందాం."

వేణుమాధవ్ వేలు మీట దాకా వెళ్లి ఆగింది.

"కింద సెల్లులు కారినయి భాయ్. పచ్చగ పట్టింది. అది లోపలికి దిగితె మొత్తం ఖరాబైతది. తీసి తుడిచి, నిమ్మలంగ విందాం."

"ముందుగాల ఒక్కసారి ఇను. తుడుసుడు యాడికి పోతది?"

"ఐదు నిమిషాల పని."

కీబోర్డును బోర్లించడానికి ఇద్దరూ లేచారు. గనిలో పద్దెనిమిదేళ్లుగా వాళ్లు ఒకే గ్యాంగు. ఆ గ్యాంగులో కలిసిన కొత్తలో నర్సింగం అనేవాడు పంపు మోటారులో చెయ్యి పెట్టి ఉండగా ఎవరో పైన స్విచ్చు వేశారు. నర్సింగం చెయ్యి మోచేతి దాకా పోయింది. ఆనాటి నుంచి ఏ యంత్రం మూత విప్పినా, కరెంటు ఆపామా, ఊడదీసిన ఫ్యూజు ఎవరి దగ్గరుంది అని వీళ్లిద్దరి మధ్య రెండు మాటలు నడవాల్సిందే. అవి నోటికీ చేతికీ ఒక్కటే అయిపోయాయి, ఆలోచన దాకా పోవు.

"పవర్?" అన్నాడు సర్వర్, స్క్రూడ్రైవర్ అందిస్తూ.

"బంద్." వేణుమాధవ్ గోడ స్విచ్చు ఆపి, చార్జరు ఊడదీశాడు.

"యాడుంది?"

"నా జేబుల."

మూత విప్పి సెల్లులు ఒక్కొక్కటే బయటికి లాగాడు. మొదటిది, రెండోది. మూడోది పట్టేసింది, మెల్లగా తిప్పి తీశాడు. సర్వర్ నిమ్మచెక్కతో పచ్చటి తుప్పు రుద్దుతున్నాడు. ఆరూ వచ్చాక వాటిని కాగితం మీద వరసగా పేర్చాడు. పని శుభ్రంగా జరుగుతోంది.

సర్వర్ చెయ్యి ఆగిపోయింది. "అన్నా," అన్నాడు.

"ఊ."

సర్వర్ కాగితం మీది ఆరు సెల్లులను చూసి, ఆయన జేబు వైపు చూశాడు.

వేణుమాధవ్ కూడా చూసుకున్నాడు. చార్జరు తీసి, గోడకు పెట్టి, స్విచ్చు వేశాడు. తొందరపడలేదు. తొందరపడటానికి అక్కడ ఏమీ మిగల్లేదని ఆయన చేతులకు తెలుసు. కీబోర్డును మళ్లీ వెల్లకిలా తిప్పారు. తెర ఇందాకటిలాగే తెల్లగా వెలిగింది. మూలన సంగీతం గుర్తు లేదు. మీట నొక్కాడు. అంకెలు కదల్లేదు.

"పవరని నేనే అడిగిన," అన్నాడు సర్వర్. "అడిగింది నేను."

"బంద్ చేసింది నేను."

సర్వర్ కాగితంలో సెల్లులు చుట్టాడు, మళ్లీ విప్పాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మమతకు సెల్లులు వాటంతట అవే సచ్చినయని చెప్పు. నాలుగు నెలలాయె, నమ్ముతది. పిల్లకు నీ మీద మనసు ఇరగొద్దు."

వేణుమాధవ్ తల అడ్డంగా ఊపి ఫోన్ తీశాడు.

"బాపూ, నడిచిందా?" అంది మమత, హలో అయినా అనకుండా.

జరిగింది జరిగినట్టు చెప్పాడు. బోర్డు సరిగానే పనిచేసిందని, పాట ఉండెనని, తానే తీశానని. వినమని సర్వర్ అంటే తర్వాత విందామన్నానని కూడా చెప్పాడు.

"చేతికి ఏం కాలే గద బాపూ?"

"కాలే బిడ్డా. తొమ్మిది వోల్టులే."

"మంచిది." ముక్కు ఎగబీల్చుకుంది. "గడపల నిలబడి కొంచెం విన్న అన్నవు గద. అది చెప్పు. ఎట్లుంటది?"

ఆయన జీవితంలో పాట పాడి ఎరగడు. సర్వర్ తల దించుకుని చూడనట్టు కూర్చున్నాడు. వేణుమాధవ్ కళ్లు మూసుకుని కూనిరాగం తీశాడు. మొదటి వరుస వచ్చింది. రెండో వరుస సగంలో ఒకచోట ఆగాడు. ఆ రోజు పాట కూడా అక్కడే ఆగింది. ఆ ఆగడం సమ్మవ్వ పాటలో ఉన్నదో, రమ వేలు మెట్టు వెతుక్కున్నదో ఆయనకు తెలియదు. ఎంతసేపు ఆగిందో అంతసేపూ ఆగి, వరుస ముగించాడు.

"తర్వాత?" అంది మమత.

తర్వాతది ఆయన వినలేదు.