ఎడమ పక్క నుంచి రాని బంతి

ఫిల్మ్ నగర్ బస్తీలో జ్యోతి స్పోర్టింగ్ క్లబ్ అంటే ఆ రోజుల్లో చిన్న పేరు కాదు. స్టూడియోల్లో సెట్లకు రంగులు వేసేవాళ్ళు, లైట్లు మోసేవాళ్ళు, షూటింగ్ వ్యాన్లు నడిపేవాళ్ళు కలిసి పెట్టుకున్న ఫుట్‌బాల్ జట్టు అది. ఆదివారం సాయంత్రం మ్యాచ్ ఉందంటే కొండరాళ్ళ మధ్య చదును చేసిన మైదానం చుట్టూ జనం చేరేవారు. ఎవరికి దొరికిన బండ మీద వాళ్ళు కూర్చునేవారు. ఎగువన జూబ్లీహిల్స్‌లో మేడలు లేస్తున్న కాలం. పునాదుల కోసం బండలు పేల్చే చప్పుడు ఆదివారం ఒక్కరోజే ఆగేది. ఆ రోజు మైదానంలో కేక వేస్తే బస్తీలో ఇంటింటికీ వినబడేది.

ఆ జట్టుకు గోల్స్ కొట్టేవాడు బాలనర్సయ్య. అతనికి బంతి అందించేవాడు భిక్షం. బాలనర్సయ్యది సెట్లకు రంగులు వేసే పని, భిక్షం లైట్‌బాయ్. చిన్నప్పటి నుంచీ జతగా తిరిగినవాళ్ళు. భిక్షం ఎడమ అంచు వెంట బంతిని లాక్కుంటూ పరిగెత్తి, తల ఎత్తకుండానే గోల్ ముందుకు కొట్టేవాడు. బాలనర్సయ్య అక్కడ ఉండేవాడు. ఎలా ఉంటాడో చూసేవాళ్ళకు అంతుపట్టేది కాదు. వాళ్ళిద్దరూ కూడా చెప్పలేకపోయేవారు.

వానాకాలం మొదట్లో ఒక తెల్లవారుజామున ఇద్దరూ స్కూటర్ మీద ప్రాక్టీసుకు బయలుదేరారు. బండి నడుపుతున్నది బాలనర్సయ్య. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర వాలులో తడిసిన రోడ్డు మీద బండి జారింది. వెనక నుంచి వచ్చిన ఇసుక లారీ ఆగలేకపోయింది. బాలనర్సయ్యకు మెడ కింది ఎముక విరిగింది. వెనక కూర్చున్న భిక్షం ఆసుపత్రికి చేరకముందే పోయాడు.

ఎముక అతికింది. దసరా తర్వాత బాలనర్సయ్య మళ్ళీ మైదానంలోకి దిగాడు. మొదటి మ్యాచ్‌లో అతను గోల్ కొట్టకపోయినా జనం చప్పట్లు కొట్టారు. రెండోదానికి కూడా ఊరుకున్నారు. ఆ తర్వాత గొణుగుడు మొదలైంది. సంక్రాంతి వెళ్ళేసరికి జట్టు లీగ్ పట్టికలో అడుగుకు జారింది, గొణుగుడు తిట్లుగా మారింది.

భిక్షం తండ్రి జంగయ్య తాపీమేస్త్రీ. సగం జూబ్లీహిల్స్ గోడల్లో అతని చేయి ఉంది. కొడుకు ఉన్నప్పుడు ఎలా వచ్చేవాడో, పోయాక కూడా అలాగే ప్రతి ఆదివారం మైదానానికి వచ్చి, అదే బండ మీద కూర్చునేవాడు. ఎవరు ఏం తిట్టినా తల తిప్పేవాడు కాదు.

జ్యోతి జట్టుకు ఇంకొక వీరాభిమాని సూర్యనారాయణ. తెనాలి మనిషి. సినిమా పరిశ్రమతో పాటు మద్రాసు నుంచి హైదరాబాదుకు వచ్చి, శ్రీనగర్ కాలనీలో ఉంటూ సినిమాల్లో ప్రతినాయకులకు గొంతు అరువిచ్చేవాడు. ఏదో సాయంత్రం ఊసుపోక ఆట చూడడానికి ఆగి, ఆ పిచ్చిలో పడిపోయాడు. "పదరా భిక్షం! పద పద పద!" అని ఆయన అరిస్తే కాకులు లేచిపోయేవి. అందరికంటే గట్టిగా పొగిడిందీ ఆయనే. ఆ ఏడు అందరికంటే ఎక్కువ కుమిలిపోయిందీ ఆయనే.

మోతీనగర్ జట్టుతో మ్యాచ్ రోజు రెండు జట్లకూ చెరొక గోల్ ఉంది. ఆట ఇంకా కాస్తే మిగిలింది. మోతీనగర్ గోల్‌కీపర్ ముందుకు ఉరికి జారిపడ్డాడు. బంతి దొర్లుకుంటూ వచ్చి బాలనర్సయ్య కాళ్ళ ముందు ఆగింది. ఎదురుగా ఖాళీ గోల్. పసిపిల్లాడు కూడా తన్నేయగలడు. బాలనర్సయ్య తన్నలేదు. ఒక్క క్షణం తల ఎడమ పక్కకు తిప్పి చూశాడు. ఆ క్షణంలో ఎదుటి జట్టువాడు బంతిని లాక్కుపోయాడు. అది అటు నుంచి అటే వెళ్ళి జ్యోతి గోల్‌లో పడింది.

"ఏంది రా గది! నిద్ర వోతున్నవా?"

"తియ్ నర్సింహన్నా వాన్ని! బయట కూసోవెట్టు!" అని కోచ్ నర్సింహ మీదికి లేచారు కొందరు.

"జర ఊకోన్రి. దోస్తు పోయిన దుఃఖంల ఉన్నడు పిల్లగాడు."

"దుఃఖముంటె ఇంట్ల ఏడ్వుమను. మేం ఆటకొచ్చినం."

అప్పుడు సూర్యనారాయణ లేచి నిలబడ్డాడు. ఆయన ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"ఆ రోజు లారీ కింద పోవలసింది వీడురా! భిక్షం కాదు!"

ఆ గొంతు మైదానం ఈ చివర నుంచి ఆ చివర దాకా వెళ్ళింది. అరుస్తున్నవాళ్ళందరూ ఒక్కసారి ఆగిపోయారు. అందరి చూపులూ జంగయ్య మీదికి తిరిగాయి. అతను లేచి ఆ పెద్దమనిషిని నిలదీస్తాడనీ, కనీసం ఒక్క మాటైనా అంటాడనీ అనుకున్నారు. జంగయ్య కండువా తీసి ముఖం తుడుచుకున్నాడు. మళ్ళీ భుజాన వేసుకుని నేల చూస్తూ కూర్చున్నాడు.

బాలనర్సయ్య కూడా జంగయ్య వైపే చూస్తున్నాడు. కాసేపు చూసి, చొక్కా విప్పి నర్సింహ చేతిలో పెట్టాడు.

"ఏడికి రా? ఆట అయిపోలే" అన్నాడు నర్సింహ.

బాలనర్సయ్య బండల మధ్య దారి వెంట బస్తీలోకి నడిచిపోయాడు.

మర్నాడు పని నుంచి వస్తూ జంగయ్య అతని గదికి వెళ్ళాడు. కిరాయి గది, రేకుల కప్పు. బాలనర్సయ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చేతుల మీద నీలం రంగు ఎండిపోయి ఉంది. జంగయ్య గడప లోపల కూర్చున్నాడు.

"తిన్నవా కొడుకా?"

"తిన్న కాకా."

పొయ్యి మీద బోర్లించిన గిన్నె చూస్తే తినలేదని తెలుస్తూనే ఉంది.

"సారు గట్ల అంటుంటె నువ్వేమన్లే కాకా" అన్నాడు బాలనర్సయ్య.

"అన్లే."

"నీకు గూడ గట్లనే అనిపిచ్చిందా?"

జంగయ్య కాదని చెప్పడానికే బయలుదేరి వచ్చాడు. దారి పొడుగునా ఆ మాటలే కూర్చుకున్నాడు. కానీ ఆ కుర్రాడి కళ్ళు చూశాక అబద్ధం నోట రాలేదు.

"అనిపిచ్చింది బిడ్డా. దవాఖాన్లనే అనిపిచ్చింది. నా కొడుకు అవతల గదిల సల్లగ పండి ఉండె. నువ్వు నీళ్ళడిగినవు. నేనే తాపిన. తాపుకుంట గదే అనుకున్న, వీడెందుకు మిగిలిండు అని."

బాలనర్సయ్య మోకాళ్ళలో ముఖం పెట్టుకున్నాడు. "నాకు రోజు అనిపిస్తది" అన్న మాట మాత్రం వినబడింది.

"ఎర్కే. గందుకే వచ్చిన. నాకు అనిపిస్తది, మళ్ళ పోతది. పోయినంక నిన్ను జూస్తె పానం కొట్టుకుంటది. నీకు పోతనే లేదు."

"బంతి కాళ్ళకాడికి వచ్చిందంటె సాలు కాకా, ఎడమ పక్కకు చూస్త. వాడు ఉరికొస్తున్నట్లే ఉంటది. తన్నబుద్ధి కాదు."

"నేను గూడ గాడికే చూస్త. ఆట ఏ దిక్కున్నా నా కండ్లు గా మూలకే పోతయి. నువ్వొక్కనివే అనుకుంటున్నవా? ఇంట్ల మీ చిన్నమ్మ మాట్లాడది. పనికాడ మేస్త్రీ, మేస్త్రీ అనుడే గని నా కొడుకు ముచ్చట ఎవ్వడు తియ్యడు, నేను ఏడుస్తనని. ఆదివారం గా బండ మీద కూసుంటె జర పానం తెరిపికొస్తది. నువ్వు ఆడకుంటె నేను గాడికి ఏం జూడ రావాలె? గోల్ కొట్టకున్న మంచిదే. రా."

జంగయ్య లేచి పొయ్యి వెలిగించి, ఇంత బియ్యం కడిగి పెట్టి వెళ్ళాడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం సూర్యనారాయణ బస్తీలో ఇల్లు వెతుక్కుంటూ జంగయ్య గుమ్మం ముందుకు వచ్చాడు. జంగయ్య పనికి పోయాడు. భిక్షం తల్లి మల్లమ్మ అరుగు మీద చాటలో బియ్యం ఏరుతోంది.

"అమ్మా, నేను..." అన్నాడాయన.

"ఎర్కే సారూ. గొంతు గుర్తు వట్టిన."

ఆయన నిలబడే ఉన్నాడు. "మొన్న నోరు జారానమ్మా. అనకూడని మాట అన్నాను. ఆ అబ్బాయిని అన్నాను గానీ, మీ కడుపుకోతను కెలికినట్టయింది. మీ ఆయనకు ఒక్క మాట చెప్పుకుందామని వచ్చాను."

మల్లమ్మ చాట పక్కన పెట్టింది.

"నేను ఎన్నడు గ్రౌండుకు రాలే సారూ. వంట జేసుకుంట ఈన్నే ఉంటుంటి. నీ గొంతు ఈడిదాంక వస్తుండె. పద భిక్షం, పద భిక్షం అంటుంటివి. అంటె మా పిల్లగానికి బంతి దొరికిందని నాకెర్కయేది. మా ఆయన వాని పేరు వలుకడు. పక్కింటోళ్ళు వలుకరు. ఇంట్ల వాని పేరు వినవడక ఎన్ని దినాలాయెనో." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్ళీ తీసింది. "ఒక్కసారి గట్లనే పిలువు సారూ. ఇంటా."

సూర్యనారాయణ నోరు తెరిచాడు. రాక్షసులకూ రౌడీలకూ గొంతు ఇచ్చి ఎన్నో థియేటర్లను దడిపించినవాడు. "భి..." అన్నాడు. అంతే. అరుగు అంచు పట్టుకుని కిందనే కూలబడి, చేతులతో ముఖం కప్పుకున్నాడు. మల్లమ్మ లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన పక్కన పెట్టింది.

"పోనీతియ్ సారూ" అంది. చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది గానీ, ఆయన వెళ్ళిపోయిన చాలాసేపటి దాకా ఒక్క రాయి కూడా ఏరలేదు.

ఆఖరి మ్యాచ్‌కు బాలనర్సయ్య వచ్చాడు. ఓడితే జట్టు కింది డివిజన్‌కు పోతుంది. నర్సింహ చొక్కా అందించాడు. జనంలో కొందరు "వీన్నే దింపుతున్నడేంది" అన్నారు గానీ, జంగయ్య అక్కడే కూర్చుని ఉండడం చూసి మాట తగ్గించారు. సూర్యనారాయణ దూరంగా ఒక బండ పక్కన నిలబడ్డాడు. ఆట అయ్యేదాకా నోరు విప్పలేదు.

ఎదుటి జట్టు మొదటి సగంలోనే రెండు కొట్టింది. విరామం తర్వాత ఇంకొకటి. జనం ఒక్కొక్కరే లేచి పోసాగారు. చివర్లో ఎవరో గాల్లోకి లేపిన బంతి గుంపు మధ్య పడి, ఒకరి భుజానికీ ఇంకొకరి వీపుకూ తగిలి, బాలనర్సయ్య మోకాలికి కొట్టుకుని గోల్‌లోకి దొర్లింది. ఒక్కసారిగా జనం కేకలు పెడుతూ లేచారు. లేచి, ఏదో తప్పు చేసినట్టు జంగయ్య వైపు చూశారు. జంగయ్య రెండు చేతులూ తల మీద పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

బాలనర్సయ్య చేతులు ఎత్తలేదు, పరిగెత్తలేదు. వలలో నుంచి బంతి తీసుకుని మధ్య గీత దగ్గరికి నడిచి, అక్కడ పెట్టాడు. కాసేపటికి ఈల మోగింది. జ్యోతి జట్టు కిందికి పోయింది.

జనం పలచబడ్డాక జంగయ్య మైదానంలోకి దిగి, "ఇంటికి పోదాం పా" అన్నాడు. ప్రమాదం జరిగినప్పటి నుంచి బాలనర్సయ్య ఆ గడప తొక్కలేదు. నల్లా దగ్గర ఎదురుపడినా మల్లమ్మ బిందె పట్టుకుని ముఖం తిప్పుకుని వెళ్ళేది. అతను వెనకడుగు వేశాడు. జంగయ్య అతని మోచేయి పట్టుకుని వదలలేదు.

ఇంట్లో మల్లమ్మ అతన్ని చూసింది. ఇద్దరికీ కంచాలు పెట్టి అన్నం, పచ్చిపులుసు వడ్డించింది. బాలనర్సయ్య తల వంచుకుని కలుపుతున్నాడు గానీ ముద్ద ఎత్తడం లేదు.

"గోల్ కొట్టినవంట" అంది మల్లమ్మ.

"నేను కొట్టలే చిన్నమ్మా. అదే వచ్చి మోకాలికి తాకింది."

మల్లమ్మకు ఉన్నట్టుండి నవ్వు వచ్చింది. నవ్వుతూనే అతని చెంప మీద చేయి వేసింది. వేసిన చేయి తీయకుండా ఏడ్చింది. జంగయ్య కంచం ముందు అలాగే కూర్చున్నాడు. కొడుకు పోయాక ఆమె పైకి ఏడవడం అతను వినడం అదే మొదటిసారి.

చివరికి ఆమె కళ్ళు తుడుచుకుని గరిటె అందుకుంది.

"తిను" అంది. "సల్లారిపోతది."