చమేలీ పీకిన కర్ర

బర్మాలోని అరకాన్ కొండల్లో వాన పదకొండు రోజులుగా తెరిపి ఇవ్వలేదు. ఆ మధ్యాహ్నం టెలిఫోను మోగింది. ఎదురు కొండ మీద మనవాళ్ల కందకానికి యాభై గజాల దగ్గరికి జపాన్‌వాళ్లు వచ్చేశారట. ఆ కందకంలో నా తమ్ముడు బచన్ ఉన్నాడు.

మబ్బు కమ్మి కొండ కనిపించదు. ఫిరంగికి ముందు ముప్పై గజాల దూరంలో ఒక కర్ర పాతి ఉంటుంది. గురి అద్దంలో దాన్ని చూసి, దాన్నిబట్టే గొట్టం తిప్పుతాను. ఆ కర్ర మూరెడు జరిగితే కొండ మీద గుండు యాభై గజాలు జరుగుతుంది.

"ఉజాగర్! సిద్ధమేనా?" హవల్దార్ మెహర్ సింగ్ అరిచాడు.

సిద్ధమే అనబోతుండగా, కంచరగాడిదలు తోలే నవాబ్ దీన్ చాచా బురదలో పడుతూ లేస్తూ వచ్చాడు.

"ఆగండయ్యా, పేల్చొద్దు! నిన్న సాయంత్రం నా గాడిద చమేలీని ఆ కర్రకి కట్టాను. అది కాస్తా పీకేసింది. మళ్లీ నేనే పాతాను."

"ఎక్కడ పాతావు?" అన్నాను.

"అక్కడే... ఆ పక్కనే. కర్రే కదా అనుకున్నా."

నాకు ఒళ్లు మండిపోయింది. "పదహారేళ్లుగా గాడిదలకి గడ్డి వేస్తున్నావా, నువ్వే మేస్తున్నావా చాచా? అక్కడున్నది నా తమ్ముడు!"

"తెలుసురా. అందుకేగా వచ్చింది. తిట్లు తరవాత, ముందు కర్ర మొదట ఉన్న బొక్క వెతకనీ."

చాచా వంగి పరుగెత్తాడు. దగ్గరి గట్టు నుంచి జపాన్‌వాళ్ల తూటాలు మొదలయ్యాయి. కర్ర చుట్టూ చమేలీ డెక్కల గుంటలే, అన్నిట్లోనూ నీళ్లే. చాచా ఒక్కోదాంట్లో చెయ్యి పెట్టి చూస్తున్నాడు. మణికట్టు దాకా దిగితే అది డెక్క గుంట. ఇక్కడ టెలిఫోనులో "త్వరగా! లేచి వస్తున్నారు!" అని కేకలు. నాకు ఏడుపొచ్చేసింది.

చివరికి ఒకచోట చెయ్యి మోచేతి దాకా దిగింది. అదే కర్ర పాత బొక్క. కర్ర తెచ్చి అందులో దింపాడు. బురదకి అది నిలవలేదు. చాచా అక్కడే చతికిలబడి రెండు చేతులా దాన్ని నిటారుగా పట్టుకున్నాడు. నేను గొట్టం తిప్పాను. నిన్న చాచా పాతిన చోటికీ దీనికీ తేడా అక్షరాలా మూరెడు.

"పేల్చు!" అరిచాడు హవల్దార్.

"సరిగ్గా పడింది! అలాగే కానివ్వండి!" అంది టెలిఫోను.

అయిదో గుండు తరవాత అద్దంలో కర్ర పక్కకి ఒరిగింది. "ఆగండి!" అని అరిచాను. చాచా ఒక పక్కకి వాలిపోయాడు. కర్ర మెల్లగా లేచి మళ్లీ నిటారుగా నిలబడింది. ఇంకో ఆరు పేల్చాం.

జపాన్‌వాళ్లు వెనక్కి పోయారు. బచన్ బతికే ఉన్నాడని కబురొచ్చింది. నేను కర్ర దగ్గరికి పరుగెత్తాను. చాచా తొడలోంచి తూటా దూసుకుపోయింది. చేతులు కొయ్యబారిపోయి కర్రను వదలడం లేదు. ఒక్కో వేలూ నేనే విప్పాను.

"ఈసారి కదల్లేదుగా?" అన్నాడు.

"వేలెడు కూడా కదల్లేదు చాచా," అన్నాను.